సొరచేపను గుద్దిన మన పిల్ల

సుబ్బమ్మా,

మన రమణి బతికింది! ఈ రోజు నీ సంవత్సరీకమని, నీ వెండి గొలుసులు కాళ్లకు పెట్టుకుని పొద్దున్నే అండమాన్‌లో డైవింగుకు దిగిందట. మన మగ్గం కన్నా వెడల్పు రెక్కలున్న మాంటా చేపల వెంట ఈదుతుంటే, గొలుసు మెరుపును చిన్న చేపనుకుని సొరచేప వచ్చి కాలు పట్టేసింది. చుట్టూ నెత్తురు. అది విదిలించి లాగుతుంటే, మన తల్లి వంగి దాని మూతి మీద, కంట్లో పిడికిలితో గుద్ది గుద్ది విడిపించుకుంది!

కుట్లు వేయించుకుని ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది.

"నాయనా, అమ్మ గొలుసు ఆ ముండ మింగేసింది."

"పోతే పోనీలేమ్మా! నీ కాలు ఉండాది కదా?"

"ఉండాది. మానినాక మళ్లా దిగుతా."

వద్దనబోయి, నీ పిండాల ముందే కూర్చుని ధర్మవరమంతా వినబడేలా నవ్వేశాను. పురోహితుడు మంత్రం ఆపేశాడు.