నాయిన చదివిన బొమ్మల పత్రిక

1984 జులై 9
వాన. షాపు కప్పు కారుతుంటే బైండింగ్ పని ఇంటికి, అంటే ఈ వరుస గదుల చాల్‌లో మా ఒంటి గది ఖోలీకి, తెచ్చుకున్నాను. ఒక కాలేజీ మాస్టారి కట్ట — యాభై ఏళ్ల కిందటి ఇంగ్లండు వారపత్రికలు. సినిమా హాస్యగాళ్లను బొమ్మల కథల్లో పెట్టి పిల్లల కోసం వేసేవారట. మాస్టారు వాటి చరిత్ర రాస్తున్నారు. వారాల వరుస తప్పకూడదని నాలుగుసార్లు చెప్పారు.

జులై 10
ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయి. మొదటి పేజీ నిండా ఒకడే — పడతాడు, లేస్తాడు, మళ్లీ పడతాడు. మాటల సినిమాలు వచ్చాక తెర మీద కనబడని వాళ్లు కూడా ఈ కాగితాల్లో ఇంకొన్నాళ్లు నవ్వించారట... మాస్టారు అన్న మాట.

జులై 11
నాయిన చదివాడు. ఇంగ్లీషు. నేను పేజీలు ఆరబెడుతుంటే పక్కన కూర్చుని, బొమ్మ కింది వాక్యం మొత్తం, పైకి. చదివి నవ్వాడు.
రేషన్ కార్డుకు వేలిముద్ర. నా స్కూలు ఫారానికి వేలిముద్ర. నలభై ఏళ్లు ఇటుకలు మోసిన మనిషి.
"నీకు సదువొస్తదా నాయినా?"
నవ్వు ఆగిపోయింది. లేచి గదుల ముందున్న గ్యాలరీలోకి వెళ్లాడు.

జులై 12
నాయిన అన్నం ముట్టలేదు.

జులై 13
పొద్దున చాయ్ దగ్గర తనే మొదలుపెట్టాడు. పెళ్లికి ముందు ఒక బంగళా మరమ్మతుకు పోయేవాడట. అక్కడ మంచం పట్టిన ముసలి ఇంగ్లీషు దొరసాని చదవడం నేర్పిందట.
"గివే పుస్తకాలు. బొమ్మ సూసి మాట పట్టుకో అనేది."
"మరి గిన్నేండ్లు ఎందుకు దాసినవ్?"
గ్లాసు కింద పెట్టాడు.
"తర్వాత ఇంకో కాడ, గోడకు బోర్డు వెట్టిన్రు. గోడ కమ్‌జోర్ ఉంది, కూలుతది, ఎక్కొద్దని. ఇంగ్లీషుల. సదివిన. సదువొచ్చినోడని తెలిస్తే, కూలి లెక్కలు అడుగుతడని మేస్త్రి కామ్‌ల నుంచి తీసేస్తడని భయం. చెప్పలే. తమ్ముడు ఎక్కిండు."
బాబాయి. నేను పుట్టకముందే గోడ కూలి చనిపోయాడని మాత్రమే విన్నాం. బోర్డు మాట ఎవరూ అనలేదు. ఎవరికి తెలుసు కనుక...

జులై 14
కుట్టు రెండుసార్లు విప్పాను. వారాలు కలగాపులగం.

జులై 15, ఆదివారం
మధ్యాహ్నం పక్క ఖోలీ నుంచి చిన్నమ్మ వచ్చింది — బాబాయి భార్య. నాయినకు ఇష్టమని పచ్చిపులుసు తెచ్చింది. ఇన్నేళ్లూ ఆమెకు కుళాయి నీళ్లు పట్టి పెట్టేది నాయినే. ఎంత మంచోడో అని చాల్ అంతా అంటుంది.
నేల మీది పేజీ తీసి చూసింది. "గమ్మతున్నయి బొమ్మలు. ఏం రాసిన్రు బిడ్డా?"
"కూసో," అన్నాడు నాయిన. "నేను సదువుత. ఇంకొకటి గూడ చెప్పేదుంది."
"నువ్వా బావా, సదువుడా!" తమాషా అనుకుంది చిన్నమ్మ. నవ్వుతూనే కూర్చుంది.