నొప్పి లేని రోజు

మంగళవారం, రాత్రి

ఈరోజు తలనొప్పి లేదు. అయినా ఏడుపు ఆగడం లేదు.

పొద్దున్న అమలాపురంలో డాక్టరుగారు మా ఇద్దరికీ వివరంగా చెప్పారు. "నొప్పి లేని రోజుల్లోనూ మీ మెదడు అందరిలా ఉండదండీ. అదే చప్పుడు మళ్లీ మళ్లీ వింటే మామూలుగా మెదడు అలవాటుపడుతుంది. మైగ్రేన్ ఉన్న చాలామందిలో అలా అలవాటుపడదు. మెదడులో రసాయనాలు కూడా ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య మారుతుంటాయి."

పక్కన మా ఆయన "ఆయ్, ఆయ్" అంటూ తలూపారు. ఇన్నాళ్లకు ఈయనకు అర్థమైందని నా ప్రాణం కుదుటపడింది.

ఇంటికి రాగానే అత్తయ్యగారు అడిగారు. "డాక్టరుగారు ఏమన్నార్రా?"

"ఏం లేదంటమ్మా. ఊరికే ఊహించుకుంటోందంట."

నా కళ్లెదుటే అన్నారు! నన్ను నమ్మలేదా, నమ్మి కూడా నామోషీ పడ్డారా... ఏది నయమో తెలియడం లేదు.

"డాక్టరుగారు అలా అన్లేదండీ" అని విన్నదంతా అత్తయ్యగారికి చెప్పాను. మిక్సీ చప్పుడుకు నేను పెరట్లోకి పోతే నటన అనే మనిషి, చివరిదాకా విన్నారు.

"ఇదంతా వాడూ విన్నాడా?"

"ఆయ్, పక్కనే కూర్చున్నారండీ."

మా ఆయన టీవీ చప్పుడు పెంచారు. అత్తయ్యగారు లేచి వెళ్లి కట్టేశారు.