రేవు వీధి సున్నా

ఆగస్టు 18, సోమవారం

మా తీర ఆరోగ్య విభాగానికి యాభై ఏళ్లు. శనివారం ఫంక్షన్. సావనీర్‌లో చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. స్టాటిస్టిక్స్ మనిషిని, నాకు కథలు రావంటే గుణశేఖర్ సార్ వినలేదు, "మీరైతేనే బాగుంటుంది తాయారు గారూ" అన్నారు. ఆయన మా ఆఫీసర్. తియ్యగా మాట్లాడి పని చేయించుకునే రకం.

పోర్టు గోడ పక్కన రెండు గదులు, ఒక మైక్రోస్కోప్, రెండు సైకిళ్లు. అలా మొదలైందట. ఇప్పుడు మూడంతస్తులు, లిఫ్టు, ఆశా వర్కర్లందరికీ ట్యాబులు. ఆఖరి పేజీ ముందే ఖాయమైపోయింది: మత్స్యకార వీధుల్లో పదకొండేళ్లుగా అంటురోగాల అవుట్‌బ్రేకులు సున్నా. ఆ సున్నా నా చలవే. గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి?

ఆగస్టు 19

పాత రిజిస్టర్లు తిరగేశాను. దుమ్ముకి ఒకటే తుమ్ములు. మొదటి హెల్త్ ఇన్‌స్పెక్టర్ పైడయ్య గారు రేవు వీధికి వెళ్లిన టైమ్ ప్రతిసారీ ఒకటే, తెల్లవారుజామున నాలుగు. ఐదు దాటితే మగాళ్లు పడవల్లో, ఆడవాళ్లు హార్బర్‌లో చేపల వేలం దగ్గర ఉంటారని మార్జిన్‌లో రాసుకున్నారు.

మా సర్వే పదింటికి. అన్నీ తాళాలే. 2014లో సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు తాళం వేసిన ఇంటికి అందులో గడి లేదు. ఖాళీగా వదిలితే ఫారం కదలదు. సున్నా కొట్టెయ్యండమ్మా అని అందరికీ చెప్పింది నేనే. ఆ ఏడాదే కేసుల గ్రాఫ్ పడిపోయింది. కేక్ కట్ చేశాం.



ఆగస్టు 20, ఉదయం 11

రేవు వీధి ఆశా వర్కర్ నూకాలు వచ్చింది. పదేళ్లుగా తెలుసు, గొంతు పెంచే మనిషి కాదు. వానలు పడ్డప్పటి నుంచి కుళాయి నీళ్లు మురుగు కంపు కొడుతున్నాయట. పంతొమ్మిది మందికి వాంతులు, విరేచనాలు. పదింటి సర్వేలో మాత్రం ముప్ఫై ఒక్క ఇళ్లకి తాళం. అంటే ట్యాబులో సున్నా.

"బయట తాళం ఏసుంటే లోపల మనిసి లేనట్టేనా మేడమ్? పోతమ్మని లోపలెట్టి కోడలు రేవుకెల్పోయింది. ఆ ముసల్ది లెగనేకపోతంది."

ఆగస్టు 21, ఉదయం 7

నాలుగింటికి ఇద్దరం వెళ్లాం. తలుపులన్నీ తీసే ఉన్నాయి. జబ్బుపడ్డవాళ్లు ఇరవై ఏడు మంది. పన్నెండేళ్లుగా కూర్మన్నపాలెంలో మా గుమ్మం ముందు చేపల గంప దించి, నన్ను పిసినారి అని తిట్టిపోసే పోతమ్మ చాపకి అతుక్కుపోయి ఉంది. నేను పేర్లు రాసుకుంటుంటే మంచినీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందని అడిగింది. ఇవాళే అన్నాను.

నా రిపోర్టు వెళ్తేనే ఆ కుళాయి కట్టేస్తారు. ట్యాంకరూ డాక్టర్లూ వస్తారు.

సాయంత్రం

సార్ కోప్పడలేదు. ORS ప్యాకెట్లు పంపిస్తానన్నారు. సావనీర్ ప్రింటైపోయింది, పెద్దవాళ్లు వస్తున్నారు, రిపోర్టు సోమవారం పెడదాం అన్నారు. నాలుగు రోజుల్లో కొంపలేం మునగవట.

నా ప్రమోషన్ ఫైలు ఆయన టేబుల్ మీదే ఉంది. సున్నా కొట్టి Submit నొక్కాను. ఛీ, నా బతుకు.

ఆగస్టు 22

నూకాలు ఏడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

ఆగస్టు 23, శనివారం

పట్టుచీర కట్టుకుని వెళ్లాను. స్క్రీన్ మీద పెద్ద సున్నా, చప్పట్లు. నాకు శాలువా కప్పారు. ఆశా వర్కర్ల వరసలో ఒక కుర్చీ ఖాళీ. అటు చూడకుండా బయటికొచ్చేశాను.

మెట్ల దగ్గర నూకాలు. చీర అంచు అంతా బురద. పోతమ్మని తెల్లవారుతూనే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారట. వీధిలో అరవై మంది దాటారట. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీరు రాసుకున్నారు గదాని ఊరుకున్నాం మేడమ్. నేకపోతే ఆ రోజే ఆసుపత్రికి అట్టుకెల్దుం."

శాలువాతోనే మెట్ల మీద కూలబడి ఫోన్‌లో రిపోర్టు పంపాను. అంకెలు రెండుసార్లు తప్పాయి.

ఆగస్టు 24

పోతమ్మ పోయింది. మరణ నివేదిక నేనే నింపాలి.

విభాగానికి మొదట తెలిసిన తేదీ అని ఒక గడి. 23 అని వేయమని సార్ ఫోన్ చేశారు. 20 అని వేశాను.

ఎవరికి తెలిసింది అని పక్కనే ఇంకో గడి. తాయారు అని రాశాను.