నీలం రంగు తలుపు

లేహ్‌ల కొలువు చేస్తున్న మా పాండన్నకు,

చెల్లె అఖిల దండం పెట్టి రాస్తున్నది. ఆ చలిల నువ్వు పైలంగ ఉండాలె, యాళ్లకు తినాలె. ఇక్కడ మేమంత మంచిగున్నమని రాసుడు మన రివాజు గద, గని ఈసారి ఆ మాట రాయబోయి చెయ్యి ఆగింది. ఫోన్ల చెప్దామంటె నీకు సిగ్నల్ దొరికే కాసేపట్ల ఇది ఒడువది. సగం విని నువ్వు కట్ చేస్తవని గూడ భయమైంది.

పోయిన ఉత్తరంల రెండు సంగతులు అడిగినవు. అమ్మ ఫోన్ ఎందుకు ఎత్తుతలేదు, జంగయ్య తాతకు షుగర్ ఎట్లున్నది అని. సొంత తాత కాకున్నా చిన్నప్పుడు నిన్ను భుజాల మీద ఎక్కించుకొని తిప్పినోడు, ఆయనను నువ్వు మరువవని నాకెరుకే. అన్నా, తాత చచ్చిపోయిండు. అమ్మ సంగతి చెప్పాల్నంటె ముందు తాత ఎట్ల పోయిండో చెప్పాలె.

ఎండాకాలంల మన బస్తీకి ఒక బృందం వస్తదని చెప్పిన్రు. ఏ దేశంల ఎంతమందికి మంచినీళ్లు, మరుగుదొడ్లు అందినయో తిరిగి చూసి రాసుకునేటోళ్లంట. మున్సిపల్ ఆఫీసు నుంచి రాఘవేందర్ సారు వచ్చి అమ్మను పిలిపించిండు. మహిళా సంఘానికి అమ్మనే పెద్ద గద.

"రేణుకమ్మా, వాళ్లకు అంత మంచిగ కనవడితె మీ బస్తీకి పైపులైన్ శాంక్షన్ అయితది. చెంబు పట్టుకొని బయటికి పోయేటోడు ఒక్కడు కంట్ల వడ్డా మీ పేరు కొట్టేస్తరు" అని చెప్పిండు.

అమ్మ బతుకంత ట్యాంకర్ యెనుక ఉరికింది. నాన్న పానం పోతున్న పొద్దు గూడ ఆమె బిందెల లైన్ల నిలవడ్డది. ఆ మాట యాదికొచ్చినప్పుడు అమ్మ మీద నా కోపం కాసేపు నిలువది. తర్వాత మళ్ల వస్తది.

వాళ్లకు చూపెట్టనీకె బస్తీ చివర కట్టిన మరుగుదొడ్లు నువ్వు చూడలేదు. బయట టైల్స్, నీలం రంగు తలుపు. లోపల గుంత లేదు, నీళ్లు లేవు, మీద రేకు. అందరి ఇండ్లకు రంగేసిన్రు. ఒక ట్యాంకులకు ట్యాంకర్ నీళ్లు నింపి నల్లాలు బిగిచ్చిన్రు. ఇగ మిగిలింది జంగయ్య తాత. షుగర్ మనిషి, గంటకోసారి ఎయిర్‌పోర్ట్ గోడ దిక్కు పోవాల్సిందే. ఇంట్ల ఉండు మామా అంటె ఉండలేడు.

ఆ పొద్దు అమ్మ ఆయన చెయ్యి పట్టుకొని చివరి మరుగుదొడ్డి కాడికి తీస్కపోయింది.

"మామా, జరసేపు దీంట్ల కూసో. వాళ్లు పోంగనె తీస్త."

"ఉడుకపోస్తున్నది బిడ్డా. నీళ్లన్న ఇయ్యి."

"నీళ్లు తాగితె మళ్ల బయటికంటవు. వచ్చినంక ఇస్త" అని తాళమేసి తాళంచెవి నడుముల చెక్కుకున్నది.

నేను అక్కడనే ఉన్న. అమ్మ యెంబడి నడిచిన.

బృందంల ఒక పెద్ద మేడమ్ వచ్చింది. ఆమె ఇంగ్లీషుకు నేనే తెలుగు చెప్పాలె. నల్లా తిప్పింది, నీళ్లు దునికినయ్. పోరగాండ్ల చేతులు చూసింది, సంబురపడ్డది. నడుసుకుంట నడుసుకుంట చివరి తలుపు కాడికొచ్చింది. లోపల్నుంచి చప్పుడు. తలుపును అరచేత్తోటి కొడ్తున్నట్టు, మెల్లగ.

మేడమ్ నా దిక్కు చూసింది. నేను అమ్మ దిక్కు చూసిన. అమ్మ నవ్వుకుంట, "లోపల మనిషి ఉన్నడు, వాడుకుంటున్నడని చెప్పు" అన్నది.

నేను ఇంగ్లీషుల గట్లనే చెప్పిన అన్నా. మేడమ్ సారీ అనుకుంట నాలుగడుగులు యెనుకకు జరిగింది. తన చేతుల ఉన్న ట్యాబ్‌ల వాడుతున్నరని రాసుకున్నది.

తర్వాత అందరినీ శంషాబాద్‌ల ఫంక్షన్ హాల్‌కు కార్లల్ల తీస్కపోయిన్రు. అమ్మకు శాలువ కప్పిన్రు. అన్నం కాడ కూసున్నప్పుడు నేను అమ్మ చెవుల చెప్పిన, "తాత లోపలనే ఉన్నడమ్మా, తాళంచెవి ఇయ్యి, నేను ఆటోల పోత."

"వాళ్ల కార్లింక ఇక్కడనే ఉన్నయి. ఇప్పుడు నువ్వు లేస్తె సారు ఏమనుకుంటడు? కూసో, తిను."

కూసున్న. తిన్న. స్వీటు గూడ తిన్న.

మేము తలుపు తీసేసరికి తాత గోడకు ఒరిగి ఉన్నడు. నోరు తెరుచుకొని ఉన్నది, పెదవులు పలిగినయి. నేను అరువబోతె అమ్మ నా నోరు మూసింది. రాఘవేందర్ సారుకు ఫోన్ చేసింది. ఆయన ఇద్దరు మనుషులను పంపిండు. తాతను ఎత్తి ఆయన గుడిసెల మంచం మీద పండవెట్టిన్రు. నిద్రల గుండె ఆగిందని బస్తీల అందరికి చెప్పిన్రు.

తాత బిడ్డ స్వరాజ్యం బుద్వేల్ నుంచి వచ్చింది. బాపు చేతులు పట్టుకొని ఏడుస్తున్నదల్లా ఆగింది.

"మా బాపు గోర్లల్ల ఈ నీలం రంగు ఏంది?"

అమ్మ, "ముసలోడు, ఏడనో గోకిండు కావొచ్చు. తియ్యున్రి, పొద్దు వోతున్నది" అన్నది. పాడె లేపుతున్నరు.

అప్పుడు చెప్పిన అన్నా. అందరి ముంగట, తాళమేసిన కాడ నుంచి స్వీటు తిన్న దాంక చెప్పిన. స్వరాజ్యం నా చెంప మీద కొట్టింది, తర్వాత పాడెకు అడ్డం పండుకున్నది. పోలీసులు వచ్చి తాతను దవాఖానకు తీస్కపోయిన్రు, అమ్మను ఠాణాకు తీస్కపోయిన్రు. అమ్మ జైల్ల ఉన్నది, అందుకే ఫోన్ ఎత్తుతలేదు. ఆమెను పట్టిచ్చింది నేను. ఇన్ని దినాలు నీకు ఫోన్ల అమ్మ పనిల ఉన్నది, ఊరికి పోయింది అని అబద్ధాలు చెప్పింది గూడ నేనే. రాఘవేందర్ సారు మీద ఇంక ఎవ్వరు చెయ్యి వెయ్యలే.

పైపులైన్ శాంక్షన్ అయింది. మన ఇంటి ముంగటనే తవ్వుతున్నరు. బస్తీ ఆడోళ్లు నాతోటి మాట్లాడరు. "నీళ్లు తెచ్చిన తల్లిని జైల్ల ఏసిన బిడ్డ" అని భాగ్యమ్మ అత్త నా ముంగట ఉమ్మేసింది. ఆ మేడమ్‌కు జరిగిందంత మెయిల్ రాసిన. చానా బాధ కలిగిందని, ఈ ఏడాది వివరాలు పంపిచ్చుడు అయిపోయిందని, మళ్లొచ్చే సారి చూస్తమని జవాబు వచ్చింది.

మొన్న జైలుకు ములాఖత్‌కు పోయిన. అమ్మ సన్నవడ్డది. కోర్టుల ఆ చప్పుడు ఇనవడలేదని చెప్పమన్నది. "తాత తలుపు కొట్టనే లేదని చెప్పు, అంతే. నా బిడ్డవు కాదా?" అన్నది. బిడ్డనే అని చెప్పిన. కోర్టుల మాత్రం ఇనవడ్డదనే చెప్త అని గూడ చెప్పిన. అమ్మ లేసి లోపలికి పోయింది, మళ్ల చూడలే.

నువ్వు సెలవు పెట్టుకొని వచ్చి వకీలును పెట్టు, అమ్మను బెయిల్ మీద ఇంటికి తెచ్చుకో. నేను అడ్డం రాను. అమ్మ ఇంటికొచ్చిన పొద్దు నేను ఇల్లిడిచి పోత, హాస్టల్ల జాగ అడిగిన. నువ్వు నన్ను తిట్టాల్నంటె తిట్టు. సాక్ష్యం మార్చుమని మాత్రం అడుగకు అన్నా. నువ్వడిగితె నేను మారుస్తనేమో.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క చెల్లె,
అఖిల