జకర్యా గేయాలు, హేమ్లి అనుమానం

జూలూరుపాడు, 1986

ఒరే జకర్యా,

నీ చిన్నతనాన్ని గేయాలుగా రాసి, పిల్లలకు నచ్చుతుందో లేదో చూడమన్నావు కదా. మా బడిలో ఆరో తరగతి పిల్లలకు చదివి వినిపించాను. గోదావరిలో నీ చెప్పు కొట్టుకుపోయిన చోట విరగబడి నవ్వారు. నీతులు చెప్పిన చోటల్లా ఆవలించారు, వాళ్లతోపాటు నేనూ.

చివర్లో తండా పిల్ల హేమ్లి లేచి, "ఈ సారుకు పెండ్లెప్పుడైంది సార్?" అంది. వాళ్ల తండాలో పుట్టింటి ముచ్చట్లు పాట కట్టి పాడేది అత్తారింటికి పోయే పెళ్లికూతురేనట. మగవాళ్లూ రాస్తారని చెప్పాను.

"మా అక్క ఏడ్సుకుంట పాడింది. గీ సారు ఏడ్వలేదేంది?"

మన నాన్నలు మనల్ని హాస్టల్లో దింపి బస్సెక్కిన రోజు నీ గేయాల్లో లేదురా. నీతులు తీసేసి అది రాయి. ముందు హేమ్లికే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఆ రాత్రి నీ పక్క చాప మీద ఏడ్చినవాడు