జ్వరం రాని పందులు

నవంబరు 3, పెనుకొండ

ఈ రోజే రాయాలి. నేను కోసి చూపించిన పేగును చూసి, మా ఫారం హెడ్ చంద్రమోహన్ సార్ మామూలు విరేచనాలే అన్నారు. ఆ మాట ఆయన ఇంకో నాలుగుసార్లు అంటే నేనూ నమ్మేస్తాను.

చచ్చింది పచ్చ ట్యాగు పంది పిల్ల. మా ఫారంలో పచ్చ ట్యాగు అంటే తక్కువ మేతతో ఎక్కువ బరువు పెరిగే రకం. ఎర్ర ట్యాగువి మామూలువి, తిండిపోతులు. పేగు తడిసిన కాగితంలా ఉంది. వేలు తగిలితే చిరిగింది. ఇది మూడోది. మూడూ పచ్చవే.

నవంబరు 6

ట్రయల్ కోసం పోయిన నెలాఖరులోనే మేతలో యాంటిబయాటిక్ ఆపాం. రెండు గుంపులకూ విరేచనాలు పట్టాయి. ఎర్రవాటికి జ్వరం వచ్చింది. మేత మానేసి మూలన పడుకున్నాయి, మూడో రోజుకు లేచి తొట్టి మీద పడ్డాయి. పచ్చవాటికి జ్వరమే రాలేదు. చచ్చే రోజు పొద్దున కూడా తిన్నాయి.

నా అనుమానం ఇది. తిన్నదంతా కండకే పోతే పేగు దేంతో పోట్లాడుతుంది? సార్‌తో అన్నాను. పొదుపు మనమే నేర్పి, ఇప్పుడు జబ్బుకు ఖర్చు పెట్టలేదని తిడతావా అని నవ్వారు. ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువుకు ఎంత మేత పట్టిందనే లెక్క, ఇంత బాగా ఎప్పుడూ రాలేదట. ఈ రోజు ఇంకో రెండు పచ్చవి పోయాయి, అప్పుడు గానీ మందు మళ్లీ కలపమనలేదు.

నవంబరు 10

మందు కలిపాక చావులు ఆగాయి. సార్ స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను.

నవంబరు 15, ముదిగుబ్బ

ఇంటికొచ్చాను. మా ఫారం పచ్చ ట్యాగు పిల్లలను పల్లెల్లో పందులు సాకేవాళ్లకు ఇస్తోంది. 25న మొదటి బండి. మొదటి ఇల్లు మాది. నాయన దొడ్డికి సున్నం కొట్టాడు. చోటు కోసం మా నాటు నల్ల పందులన్నీ అమ్మేస్తాడట. మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. ఆ నల్ల పందులే నన్ను చదివించాయి.

వద్దు నాయనా, అవి మన దగ్గర బతకవు అన్నాను.

"సదువుకున్న కూతురు, సదువుకున్న పందులు. ఇంగ నాకేం తక్కువమ్మా?" అన్నాడు.

తక్కువ తినే పందులను ఇస్తారు గానీ తక్కువ తినే కొడుకును ఎవరూ ఇవ్వరే అని అవ్వ సణిగింది. నవ్వొచ్చింది. తర్వాత అడిగాను, మన పందులు తినేది హోటళ్ల ఎంగిలి కదా, దాంట్లో రోజూ మందు ఎవరు కలుపుతారని. నాయన మొహం మారింది.

"నా బిడ్డ సాకిన పందులు వస్తాండాయని ఊరంతా చెప్పినా. ఇప్పుడు నువ్వే వద్దంటే నేను యాడ తల పెట్టుకోవాల?"

నవంబరు 17, పెనుకొండ

పంపిణీ ఆపి, ఎంగిలి మేతతో మందు లేకుండా ఇంకో ట్రయల్ చేద్దామని సార్‌ను అడిగాను. మందు ప్యాకెట్లు ఇస్తున్నాం కదా అన్నారు. అయిపోయాక? కొనుక్కోవాలట. కొనకపోతే అది రైతు మేనేజ్‌మెంట్ లోపం, బ్రీడ్ లోపం కాదట.

హిందూపురం ఆఫీసులో ఆయన పైఅధికారి మంజులత మేడమ్‌కు రాస్తానన్నాను. మార్చిలో నా కాంట్రాక్టు రెన్యూవల్ ఉందని మెల్లగా గుర్తు చేశారు.

నవంబరు 20

నాయన ఫోన్. నల్ల పందులను ధర్మవరం వ్యాపారి తీసుకుపోయాడు. ముసలిది ఒకటి ఆటో ఎక్కనని మొండికేస్తే నలుగురు పట్టి ఎత్తారట. నవ్వుతూనే చెప్పాడు. దొడ్డి ఇప్పుడు ఆస్పత్రిలా తెల్లగా ఉందట.

నవంబరు 22

పంపిన మెసేజ్:

మేడమ్, మందు ఆపినప్పుడు చచ్చిన ఐదూ పచ్చ ట్యాగులే. పేగుల ఫొటోలు పెట్టాను. 25 ఉదయం పిల్లలను బండి ఎక్కించాల్సింది నేనే. మొదటి దొడ్డి మా నాయన పోతులయ్యది. ఉన్నవన్నీ అమ్ముకుని ఎదురుచూస్తున్నాడు. బండి ఆగితే ఆ దొడ్డి ఖాళీగానే ఉంటుంది. అయినా ఆపమనే అడుగుతున్నాను. 24 సాయంత్రం ఐదు లోపల జవాబివ్వండి.