ముందే వచ్చిన నవ్వు

మంగళవారం, లింగంపేట

సాయంత్రం టీవీలో పాత ఇంగ్లండు కామెడీ పెట్టాను. దుబాయ్‌లో పనివాళ్ల క్యాంపులో సెలవు రోజున గదిలో అందరం దీన్నే చూసేవాళ్లం. కోటు వేసుకున్న పెద్దమనిషి నిచ్చెన ఎక్కితే చాలు, నాకు ఇప్పటికీ కడుపుబ్బ నవ్వొస్తుంది.

నా భార్య సుజాతకు ఇంగ్లీషు రాదు. అయినా బీడీలు చుడుతూ, ఆయన కింద పడకముందే నవ్వేసింది.

నాకు అనుమానమొచ్చింది. "ఇది ఎవరితోని చూసినవ్?"

"ఒక్కదాన్నే చూసిన. నువ్వు దుబాయ్ నుంచి దీని ముచ్చటనే చెప్తుంటివి గదా. నువ్వొచ్చినంక యాడ నవ్వాల్నో తెల్వాలని," అంది, చేతిలో తునికాకు వదలకుండానే.

సంతోషపడాల్సిన మాటే. కానీ నేనొచ్చినప్పటి నుంచి నా జోకులకు కూడా నవ్వుతూనే ఉంది. అదీ నేర్చుకున్న నవ్వేనా?

రేపు తనెప్పుడూ వినని జోకు ఒకటి చెప్పి చూడాలి.